ఎల్క్ వేటకు తేలికపాటి రైఫిల్: 1,500 డాలర్లు దేనికెంత పెట్టాలి?

ప్రశ్న:
నమస్కారం అండి. ఉండేది డెన్వర్, గ్రీన్‌కార్డ్ ఉంది. అక్టోబర్‌లో కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేట. 10,000 అడుగుల ఎత్తులో రోజుకు ఆరేడు మైళ్లు నడవాలి. షాపులో మూడు చూపించారు: 500 డాలర్ల చుట్టుపక్కల రూగర్ అమెరికన్, 800 దరిదాపుల్లో టిక్కా టీ3ఎక్స్ లైట్, 2,000 దాటిన కార్బన్ బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) రైఫిల్. స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) కలిపి 1,500 దాటకూడదు. చవకది తీసుకుంటే గురి తప్పుతుందా? .300 విన్ మ్యాగ్ అనే బలమైన తూటా రకం అయితేనే ఎల్క్‌కి సరిపోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు:
ముందు గురి సంగతి తేల్చుకోండి, డబ్బు వృథా అయ్యేది అక్కడే. ఎల్క్‌కి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 10 అంగుళాల పైనే ఉంటుంది. 100 గజాల్లో మూడు తూటాలను ఒకటిన్నర అంగుళంలో పెట్టే రైఫిల్ 300 గజాల్లో వాటిని దాదాపు నాలుగున్నర అంగుళాల్లో పెడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 200 గజాలు దాటి కొట్టకూడదు. ఆ పనికి 500 డాలర్ల రైఫిల్ చాలు.

మరి ఎక్కువ డబ్బు దేనికి? బోల్ట్ (తూటాను లోపలికి తోసే కడ్డీ) నున్నగా జారుతుంది, ట్రిగ్గర్ పట్టేయకుండా నొక్కుకుంటుంది, స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) గట్టిగా ఉంటుంది, బరువు తగ్గుతుంది. వీటిలో స్టాక్‌కి పెట్టే డబ్బుకి అసలైన విలువ ఉంది. షాపులోనే చూసుకోవచ్చు. బోల్ట్ తెరిచి చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్లతోనూ వేలితోనూ నిర్ధారించుకున్నాక, ఒక డాలర్ నోటును బ్యారెల్‌కి, స్టాక్‌కి మధ్య దూర్చి ముందు నుంచి వెనక్కి లాగండి. ఎక్కడా పట్టకుండా జారాలి. తర్వాత స్టాక్ ముందు భాగాన్ని బొటనవేలితో బ్యారెల్ వైపు నొక్కి మళ్లీ లాగండి. చవక ప్లాస్టిక్ స్టాక్ వంగి బ్యారెల్‌ని తాకుతుంది, నోటు ఆగిపోతుంది. స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) బిగించి కొట్టినా, బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ల స్టాండ్) మీద బరువు వేసినా జరిగేది ఇదే, తూటా పక్కకి పోతుంది. రేంజ్‌లో (కాల్చి సాధన చేసే చోట) టేబుల్ మీద సంచిపై పెట్టి కొట్టినప్పుడు ఈ లోపం బయటపడదు. అందుకే చాలామంది తప్పు తమ చేతిదే అనుకుంటారు.

ఇంకొకరి జవాబు:
బరువు లెక్క రైఫిల్ ఒక్కదానితో వేయకండి. టిక్కా లైట్ దాదాపు 6.4 పౌన్లు, అంటే 102 ఔన్సులు. దాని మీద 12 ఔన్సుల స్కోప్, దాన్ని పట్టి ఉంచే రింగులకు, స్లింగ్‌కి, తూటాలకి తలా 4 ఔన్సులు. అంతా కలిపితే 8 పౌన్లకు కాస్త తక్కువ. అదే రైఫిల్‌కి 50 మిల్లీమీటర్ల పెద్ద కటకం స్కోప్ బిగిస్తే మరో అర పౌను పెరుగుతుంది. తేలిక రైఫిల్‌కి అదనంగా డబ్బు పోసి, ఆ తేలికంతా స్కోప్‌తో పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. 3-9x40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే, 40 మిల్లీమీటర్ల కటకం ఉన్న స్కోప్) చాలు. ల్యూపోల్డ్ వీఎక్స్ ఫ్రీడమ్‌లో ఆ కొలతది 12 ఔన్సుల చుట్టూ ఉంటుంది, ధర 300 డాలర్ల దరిదాపు.

కార్బన్ బ్యారెల్‌కి 1,200 అదనంగా పెడితే తగ్గేది మహా అయితే ఒక పౌను, అంటే అర లీటరు నీళ్ల సీసా అంత. ఆ డబ్బుతో కావలసినన్ని తూటాలు, రేంజ్‌లో కావలసినంత సాధన వస్తాయి.

కాట్రిడ్జ్ (తూటా రకం) సంగతి: కొలరాడోలో ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్ (తూటా వ్యాసం, అంగుళాల్లో) ఉండాలి. తగిలాక విచ్చుకునే తూటా, కనీసం 85 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) బరువు, 100 గజాల్లో 1,000 ఫుట్-పౌన్ల శక్తి ఉండాలి. .308 అనే తూటా రకం ఈ లెక్కలన్నీ సులువుగా దాటుతుంది. తేలిక రైఫిల్‌లో విన్ మ్యాగ్ వద్దు. 7 పౌన్ల రైఫిల్‌లో .308 తన్నుడు (కాల్చగానే రైఫిల్ భుజాన్ని వెనక్కి నెట్టడం) సుమారు 16-17 ఫుట్-పౌన్లు ఉంటే విన్ మ్యాగ్‌ది 30 పైనే. తన్నుడు శక్తి బరువుకి విలోమంగా నడుస్తుంది. 8 పౌన్ల నుంచి 6కి దిగితే అదే తూటా మూడో వంతు ఎక్కువగా తంతుంది. పది తూటాలు కాల్చేసరికి ట్రిగ్గర్ నొక్కబోతూ ముందే ఉలిక్కిపడటం మొదలవుతుంది. ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించుకోవడం కష్టం.

అడిగినవారు:
అన్నా, చాలా స్పష్టంగా చెప్పారు. అయితే .308లో టిక్కా, మీరు చెప్పిన స్కోప్. బిగించడం, జీరో చేయడం (తూటా గురిపెట్టిన చోటే పడేలా స్కోప్ సరిచేయడం) నేనే చేసుకోవచ్చా? సెకండ్‌హ్యాండ్ అయితే ఏం చూడాలి?

జవాబు:
తప్పకుండా చేసుకోవచ్చు, టార్క్ స్క్రూడ్రైవర్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచేది) ఒకటి కొనుక్కోండి. రింగు స్క్రూలు సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌన్లు, స్టాక్‌ని పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు మాన్యువల్‌లో ఉన్నంత. చేతి అంచనాతో బిగిస్తే స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోతుంది, లేదా ఇరవై తూటాలకే వదులవుతుంది. స్కోప్‌ని జాకెట్ వేసుకుని, ఎక్కువ జూమ్‌లో పెట్టి, పడుకునీ కూర్చునీ చూసి అమర్చండి. ఎత్తుకు గురిపెడుతూ పడుకున్నప్పుడు కన్ను స్కోప్‌కి దగ్గరవుతుంది. కనుబొమ్మ తెగేది అప్పుడే.

జీరో 25 గజాల్లో మొదలుపెట్టండి. ఒక్కో క్లిక్కుకి 100 గజాల్లో పావు అంగుళం జరిపే స్కోప్‌కి 100 గజాల్లో అంగుళానికి 4 క్లిక్కులు, 25లో 16. .308లో 25 గజాల దగ్గర తూటా సరిగ్గా గురి చుక్క మీద పడితే 100 దగ్గర సుమారు రెండు అంగుళాలు పైన పడుతుంది. అలా ఉంటే 200 దగ్గర గురి మీదే, 300 దగ్గర 8-9 అంగుళాలు కిందికి. 25తో సరిపెట్టుకోకుండా 100లో కాల్చి నిర్ధారించుకోండి. సన్న బ్యారెల్ తొందరగా వేడెక్కుతుంది, తూటాలు పడే చోటు మెల్లగా జరిగిపోతుంది. మూడు కాల్చాక చేత్తో తాకితే చల్లగా అనిపించేదాకా ఆగండి. మీకు కావలసింది చల్లని బ్యారెల్ నుంచి వచ్చే మొదటి తూటా, కొండ మీద దొరికేది అదొక్కటే. వేటలో వాడబోయే పెట్టె తూటాలతోనే జీరో చేయండి, గ్రెయిన్లు ఒకటే అయినా కంపెనీ మారితే పడే చోటు మారుతుంది.

ఎగశ్వాసతో ఉన్నప్పుడు తేలిక రైఫిల్ మూతి ఎక్కువగా ఊగుతుంది. బ్యాక్‌ప్యాక్ మీద ఆనించండి. ఆనేది స్టాక్ మాత్రమే. బ్యారెల్‌ని రాయి మీదో కొమ్మ మీదో ఆనిస్తే తూటా పైకి పోతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో బ్యారెల్ మూతి అంచున గంటు లేకుండా, స్క్రూ తలలు నలగకుండా ఉండాలి. స్టాక్ విప్పి చూడనివ్వమని అడగండి, తుప్పు తరచుగా స్టాక్ కింద దాగిన లోహం మీదే మొదలవుతుంది. రెమింగ్టన్ 700 అయితే ట్రిగ్గర్ చూడాలి. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ వరకు తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లను కంపెనీ 2014లో వెనక్కి పిలిచింది. మరమ్మతు జరిగిందో లేదో తెలుసుకోకుండా కొనకండి.

మరొక ప్రశ్న:
నాది హెచ్1బి అండి. నేను కూడా వీరితో వెళ్లొచ్చా?

జవాబు:
జాగ్రత్తగా చదవండి. హెచ్1బి వలసేతర వీసా. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాపై ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. దీనికి ఉన్న ప్రధాన మినహాయింపు అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న వేట లైసెన్స్. అది చేతికి వచ్చాకే రైఫిల్ ముట్టుకోండి, స్నేహితుడిది అరువు తీసుకున్నా సరే. కొనేటప్పుడు షాపులో నింపే ఫెడరల్ 4473 ఫారంలో ఆ మినహాయింపు ఉన్నట్టు గుర్తుపెట్టి లైసెన్స్ చూపించాలి. గడువు తీరిన రోజు నుంచి ఇంట్లో ఉంచుకోవడం కూడా ఉల్లంఘనే, కాబట్టి రెన్యువల్ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. వీసా స్థితి మారే దశలో ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి.

1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) సర్టిఫికెట్ లేకుండా మామూలుగా లైసెన్స్ ఇవ్వరు. కాబట్టి మీ ఇద్దరూ ముందు ఆ క్లాసులో చేరండి. రైఫిల్ కొన్నాక చేతికి రావడానికి కనీసం మూడు రోజుల నిరీక్షణ ఉంటుంది, సీజన్ ముందు వారానికి వాయిదా వేసుకోకండి.