8x4 ఏసీపీ ప్యానెళ్ల మీద వినైల్ పేస్టింగ్: జాయింట్ల దగ్గర బొమ్మ కలవాలంటే ఎలా?

బోర్డులషాపు_మల్కాజిగిరి

అందరికీ నమస్తే. మల్కాజిగిరిలో మాది చిన్న సైన్‌బోర్డుల షాపు. ఎక్కువగా 3x2, 4x3 సన్‌బోర్డు పనులే చేస్తాం. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఆఫీసు వాళ్లు పెద్ద ఆర్డర్ ఇచ్చారు. గేటు పక్కన పడమటి ముఖం గోడకి 8x4 ఏసీపీ షీట్లు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేవి) నాలుగు, నిలువుగా పక్కపక్కనే. నాలుగింటి మీదా కలిపి ఒకటే ఫోటో, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, వినైల్ (వెనక గమ్ ఉన్న ప్లాస్టిక్ స్టిక్కర్ షీట్) మీద ప్రింటు తీసి అంటించాలి. చిక్కంతా ఆ కేబుళ్లతోనే. అన్నీ ఏటవాలు గీతలు, ప్రతి జాయింటునీ దాటుతున్నాయి. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా కనిపిస్తుంది.

మా దగ్గర రోలర్ టేబుల్ లేదు, చేత్తోనే వేయాలి. మా హెల్పరేమో సబ్బు నీళ్లు కొట్టి వేద్దాం, జరుపుకోవచ్చు అంటున్నాడు. ఎనిమిది అడుగుల ప్రింటు పైన కరెక్టుగా మొదలుపెట్టినా కింద పక్కకి పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి వేసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత_పెయింటర్

తమ్ముడూ, చేతిరాత బోర్డుల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. అప్పుడు సుద్ద తాడు కొట్టి గీత గీసుకున్నాకే బ్రష్ పట్టేవాళ్లం. వినైల్‌కీ అంతే. వెనక పేపర్ ఊడదీసే ముందే పని సగం తేలిపోవాలి.

ముందు షీట్లు కొలువు. 1220 x 2440 అని బిల్లులో ఉంటుంది కానీ ఒకట్రెండు మిల్లీమీటర్లు తేడా ఉండొచ్చు. పొడవు వెడల్పులతో పాటు మూలకి మూల కూడా కొలువు. రెండు వైపులా 2728 వస్తే షీట్ మూలమట్టంగా ఉన్నట్టు. రెండు కొలతలూ వేరువేరుగా వస్తే ఆ షీట్‌ని సరిచేయించు, లేదా మార్పించు. వంకర షీట్ మీద ఎంత జాగ్రత్తగా వేసినా గోడ మీద గీత కలవదు.

తర్వాత గ్యాప్ సంగతి. అల్యూమినియం ఎండకి సాగుతుంది. ఏసీపీ అయితే 100 డిగ్రీల తేడాకి మీటరుకి సుమారు 2.4 మి.మీ. పడమటెండ తగిలే గోడ అంటున్నావు, చలికాలం తెల్లవారుజాముకీ మే నెల మధ్యాహ్నానికీ ప్యానెల్ వేడిలో 40 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. అంటే ఒక్కో షీటు వెడల్పులోనే మిల్లీమీటరు పైన కదులుతుంది. షీట్లని ఒకదానికొకటి ఆనించి బిగించొద్దు, 3 మి.మీ. వదులు.

ఆ మూడు మిల్లీమీటర్లు డిజైన్‌లో కూడా ఉండాలి. చాలామంది ఇది మర్చిపోతారు. బొమ్మని నాలుగు 1220 ముక్కలుగా కోసేసి, గోడ మీద గ్యాప్‌తో పెడితే, 45 డిగ్రీల వాలులో ఉన్న కేబుల్ ప్రతి జాయింట్ దగ్గరా 3 మి.మీ. మెట్టు దిగినట్టు కనిపిస్తుంది. పేస్టింగ్ అద్భుతంగా చేసినా సరే. అందుకని బొమ్మ వెడల్పు 4889 పెట్టించు, నాలుగు షీట్లు ప్లస్ మూడు గ్యాపులు. గ్యాప్ వెనక పడే బొమ్మ కనిపించకుండా పోవాలి, కిటికీ ఊచల వెనక చెట్టులాగా. అప్పుడు కంటికి గీత తిన్నగా సాగుతుంది.

ఇక పేస్టింగ్. నీళ్లు వద్దు. చిన్న అక్షరాలకి, గాజుకి నీళ్లతో వేస్తారు, కాదనను. ఇంత పెద్ద ప్రింటు కింద నీళ్లు మధ్యలో ఎక్కడో ఉండిపోతాయి, గమ్ పట్టు పట్టదు, మీ వాడు స్క్వీజీ (నొక్కి రుద్దే ప్లాస్టిక్ పలక) లాగుతుంటే షీటంతా జారుతుంది. జరుపుకోవచ్చన్న ధైర్యమే లైను తప్పిస్తుంది.

పొడిగా, మధ్య నుంచి వెయ్యి. ప్యానెల్‌ని టేబుల్ మీద పడుకోబెట్టు. కోసిన అంచుల్లో గరుకు ఉంటే సన్నటి ఎమెరీతో రుద్దెయ్యి. పైన రక్షణ ఫిల్మ్ అప్పుడే తీసి, నూలు రాలని గుడ్డతో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పెట్టి తుడువు, థిన్నర్ వద్దు. ఫ్యాన్ ఆపేయించు. ప్రింటుకి నాలుగు వైపులా బ్లీడ్, అంటే తర్వాత కోసేయడానికి ఎక్కువగా వదిలిన బొమ్మ, ఉంటుంది కాబట్టి ప్యానెల్ అంచు కనపడదు. నాలుగు మూలల్లో ట్రిమ్ మార్కు (ఎక్కడ కోయాలో చూపే గుర్తు) దాకా బ్లీడ్‌ని చిన్న చతురస్రంగా కోసెయ్యి. వెనక పేపర్ తీయకుండానే ప్రింటు పరిచి, నాలుగు కోతల్లోనూ ప్యానెల్ మూల కరెక్టుగా కూర్చునేదాకా జరుపు. నాలుగోది కలవకపోతే ప్రింటు పొడవులోనే తేడా ఉన్నట్టు, అక్కడే ఆగు.

నాలుగూ కలిశాక పొడవు మధ్యలో, అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకి మాస్కింగ్ టేప్ వేసి టేబుల్‌కి బిగించు. ఒక సగాన్ని టేప్ మీదికి మడిచి, వెనక పేపర్ ఊడదీసి, టేప్ దగ్గర కోసెయ్యి. ఇప్పుడు ఒకరు ఆ సగాన్ని వదులుగా పైకెత్తి పట్టుకోవాలి. వదులుగా అంటే వదులుగానే, లాగకూడదు, లాగితే వినైల్ సాగుతుంది. ఇంకొకరు ఫెల్ట్ ఉన్న స్క్వీజీతో మధ్య నుంచి అంచులకి, ఒక పట్టీ మీద ఇంకో పట్టీ కొంచెం ఎక్కేలా, నొక్కుకుంటూ పోవాలి. ఆ సగం అయ్యాక టేప్ తీసి రెండోది. నువ్వు భయపడే పక్కకి పోవడం ఎనిమిది అడుగుల పొడవునా పెరగదు, అటు నాలుగు ఇటు నాలుగు అడుగులే.

ముడత పడుతోందనిపిస్తే నొక్కేయకు. అక్కడిదాకా మెల్లగా పైకి లేపి మళ్లీ వెయ్యి. బుడగ మిగిలితే సన్నటి సూదితో వాలుగా గుచ్చి గాలి నొక్కెయ్యి, బ్లేడ్ పెట్టకు. ఎండలు ముదిరాక రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకు, వేడికి గమ్ తగిలిన చోటే పట్టేస్తుంది, మళ్లీ లేవదు. షీట్లూ ప్రింట్లూ ముందు రోజు రాత్రే ఒకే గదిలో పెట్టి పొద్దున్నే మొదలుపెట్టు.

ప్రింటింగ్_చిక్కడపల్లి

అన్న చెప్పింది అక్షరాలా నిజం. ప్రింటు వైపు నుంచి నాలుగు మాటలు కలుపుతాను.

4 అడుగుల రోల్ మీద 4 అడుగుల ప్యానెల్‌కి బ్లీడ్ రాదు. 50 ఇంచుల రోల్, అంటే 1270 మి.మీ., అడగండి. నాలుగు ముక్కలూ ఒకే రోల్ మీద, ఒకే రోజు, మధ్యలో సెట్టింగ్ మార్చకుండా తీయించండి. మెషిన్ ఫీడ్ తేడాతో పొడవు ఒకట్రెండు మిల్లీమీటర్లు మారినా నాలుగింటికీ ఒకేలా మారుతుంది. మొదటి ముక్క రాగానే స్టీల్ టేపుతో కొలవమనండి.

రెండో ముక్క, నాలుగో ముక్క 180 డిగ్రీలు తిప్పి ప్రింట్ చేయించండి. మెషిన్ కుడి వైపుకీ ఎడమ వైపుకీ రంగు కొద్దిగా తేడా వస్తుంటుంది, ఆకాశం లాంటి లేత నీలంలో బాగా కనపడుతుంది. తిప్పి తీస్తే జాయింటుకి రెండు పక్కలా మెషిన్‌లో ఒకే వైపు వచ్చిన అంచులు పడతాయి.

ఎకో సాల్వెంట్ (ద్రావకం కలిసిన ఇంకు) ప్రింట్ అయితే 24 గంటలు ఆరనిచ్చి లామినేషన్ (ప్రింటు పైన పారదర్శక ఫిల్మ్) చేయించండి. గట్టిగా చుట్టి పెట్టొద్దు, గాలి తగలాలి. సాల్వెంట్ లోపలే ఉండిపోతే గమ్ మెత్తబడి అంచులు లేస్తాయి. లాటెక్స్ (నీళ్ల ఆధారంగా చేసే ఇంకు) అయితే మెషిన్ నుంచి ఆరిపోయే వస్తుంది.

బోర్డులషాపు_మల్కాజిగిరి

చాలా థ్యాంక్స్ అన్నా, చిక్కడపల్లి భాయ్. గ్యాప్‌ని డిజైన్‌లో కలపాలన్నది నాకు తట్టనే లేదు. డిజైనర్ 4880కే ఫైల్ చేశాడు, ఇవాళే మార్పిస్తున్నా. ఒక్క డౌటు: బ్లీడ్‌ని అంచుకి సమానంగా కోసేయాలా, వెనక్కి మడవాలా?

పాత_పెయింటర్

గ్యాప్ ఉన్న చోట మడిస్తే వినైల్ మందం కలుస్తుంది, పైగా ఏసీపీ పదునైన అంచు మీద మడత చిట్లుతుంది. కోసెయ్యి. కొత్త బ్లేడ్ పెట్టి, అంచు మీద కొద్దిగా లోపలికి వాల్చి ఒకే లాగుడులో. ప్రతి ప్యానెల్‌కీ బ్లేడ్ మార్చు, మొద్దు బ్లేడ్ వినైల్‌ని కోయదు, పీకుతుంది. కోశాక అంచుల పొడవునా ఫెల్ట్‌తో ఇంకోసారి గట్టిగా నొక్కు. ప్యానెళ్ల వెనక 1, 2, 3, 4 అని, పై వైపు ఏదో తెలిసేలా బాణం గుర్తు వేసి మాదాపూర్ పంపు. నిచ్చెన మీద ఉన్నవాడికి కేబుళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి.