ద్వీపంలో కొన్ని రోజులు విశ్రాంతిగా ఉండి రావాలంటే ఎక్కడికి వెళ్లాలి? వెళ్లి వచ్చినవారు చెప్పగలరు

అనంతసీమ (అనంతపురం)

సభ్యులందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను తీసుకుని ఏదైనా ద్వీపంలోని రిసార్టులో కొన్ని రోజులు ఉండి రావాలనుకుంటున్నాము. నాన్నగారు ఉద్యోగ విరమణ చేశారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇంతవరకు మా ఇంట్లో ప్రయాణమంటే తెల్లవారుజామున లేవడం, వరుసలో నిలబడడం, సాయంత్రానికి మరో ఊరు చేరడం. ఈసారి మాత్రం ఒకే చోట దిగి, సముద్రానికి ఎదురుగా కూర్చుని, వేళకు భోంచేసి, మధ్యాహ్నం హాయిగా నిద్రపోవాలని ఉంది. ట్రావెల్ ఏజెంట్లు పంపిన ప్యాకేజీలన్నీ రోజుకొక దీవి చొప్పున తిప్పేవే. అండమాన్‌కు వెళ్లాలా, మాల్దీవులకు వెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. మాలో ఎవరికీ సముద్రంలో దిగిన అలవాటు లేదు. దయచేసి మీ అనుభవాలు వివరంగా రాయండి.

హంద్రీతీరం (కర్నూలు)

అనంతసీమ గారూ, మేము అత్తమామలతో కలిసి అండమాన్ వెళ్లి, ఎక్కువ రోజులు హావ్‌లాక్‌లోనే ఉన్నాము. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. టికెట్ల మీద కొత్త పేర్లు, మనుషుల నోట పాత పేర్లు ఉంటాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోండి.

గది ఫొటోల కంటే ముందుగా చూడవలసినది ఆ రిసార్టు దీవికి ఏ వైపున ఉన్నదన్న విషయం. హావ్‌లాక్‌లో ఎక్కువ రిసార్టులు తూర్పు ఒడ్డున, అంటే గోవింద్‌నగర్, విజయనగర్ బీచ్‌ల వెంట ఉన్నాయి. పోటు సమయంలో అక్కడ నీరు పచ్చగా, నిలకడగా కొబ్బరిచెట్ల దాకా వస్తుంది, ప్రకటనల్లో చూపించే ఫొటోలు ఆ వేళవే. ఆటు వచ్చినప్పుడు అదే సముద్రం చాలా దూరం వెనక్కి పోయి, రాళ్లూ చచ్చిన పగడపు ముక్కలూ బయటపడతాయి, చెప్పులు లేకుండా నడవలేము, మోకాళ్ల లోతు నీరు కూడా దొరకదు. పౌర్ణమికి, అమావాస్యకు ఈ తేడా మరింత ఎక్కువగా ఉంటుంది. మా పక్క గదిలోని కుటుంబం సముద్రం ఎండిపోయిందని నిర్వాహకులతో వాదనకు దిగింది. నిజానికి ఆ గంటల్లో చూడదగినది కూడా ఉంది: తడి ఇసుక మీద చిన్నచిన్న పీతలు ఇసుకను మినుములంత ఉండలు చుట్టి, తమ బొరియల చుట్టూ కిరణాల్లాగా పేర్చుకుంటూ పోతాయి. మా మామగారు కుర్చీ వేయించుకుని గంటసేపు అదే చూశారు. అయితే పిల్లలు నీళ్లలో ఆడాలనుకుంటే పోటు వేళలు ముందుగా తెలుసుకోవాలి. రిసార్టువారిని అడిగితే చెబుతారు.

పడమటి వైపు ఉన్న రాధానగర్ బీచ్ అందుకు భిన్నమైనది. అక్కడ మెత్తటి ఇసుక, వెనుక దట్టమైన అడవి, రాళ్లు లేని తీరం ఉంటాయి, లైఫ్‌గార్డులు కూడా ఉంటారు. ఆ వైపు రిసార్టులు తక్కువ, అద్దెలు ఎక్కువ. తూర్పున బస చేసి సాయంత్రం ఆటోలో రాధానగర్ వెళ్లి రావడం చాలామంది చేసే పని, మేమూ అదే చేశాము.

పొద్దుల సంగతి ఇంకొకటి. మన అనంతపురానికి, అండమాన్‌కు మధ్య రేఖాంశంలో దాదాపు 15 డిగ్రీల తేడా ఉంది, గడియారం మాత్రం ఒకటే. అందువల్ల అక్కడ సూర్యుడు మనకంటే గంట ముందే ఉదయించి గంట ముందే అస్తమిస్తాడు. ఫిబ్రవరిలో అయిదున్నర దాటేసరికి పొద్దు గూట్లో పడుతుంది. నాలుగింటికి కాఫీ తాగి నింపాదిగా బయలుదేరితే రాధానగర్ చేరేసరికే ఆలస్యం అవుతుంది. మేము భోజనాలను, నిద్రను గంట ముందుకు జరుపుకున్నాక పెద్దవాళ్లకు ఎంతో సుఖంగా అనిపించింది.

గండికోట (కడప)

హంద్రీతీరం గారు చెప్పిన ఆటుపోట్ల విషయం ఎంతో విలువైనది. నేను మాల్దీవుల వైపు మాట్లాడతాను. అక్కడ ఆటుకు, పోటుకు మధ్య తేడా తక్కువ. చాలా దీవుల చుట్టూ పగడపు గట్టు ఉండి, దాని లోపల నీరు మడుగులాగా నిలకడగా ఉంటుంది. సముద్రం అలవాటు లేనివారికి ఇంతకన్నా అనువైన నీరు నేను చూడలేదు. మా నాన్నగారు జీవితంలో మొదటిసారి నడుము లోతు సముద్రంలో నిలబడి, కాళ్ల చుట్టూ తిరిగే చేపలను పేర్లు పెట్టి పిలుస్తుంటే మా అందరికీ కళ్లు చెమర్చాయి.

ఖర్చు మాత్రం జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి. గది ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే, దాని మీద సర్వీస్ ఛార్జీ, పన్ను అదనంగా పడతాయని అర్థం. పర్యాటకుల మీద వేసే పన్నును 2025 జులై నుంచి 17 శాతానికి పెంచారు. అదిగాక గ్రీన్ ట్యాక్స్ ఉంది: 2025 జనవరి నుంచి రిసార్టులో మనిషికి రాత్రికి 12 డాలర్లు, స్థానికులు నివసించే దీవుల్లోని చిన్న గెస్ట్‌హౌసుల్లో 6 డాలర్లు. ఆ తరువాత విమానాశ్రయం నుంచి రిసార్టుకు చేర్చే ఛార్జీ. సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) అయితే ఒక్కొక్కరికీ భారీగానే అవుతుంది, పైగా అది పగటిపూట మాత్రమే ఎగురుతుంది. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గర గడపక తప్పదు. అమ్మగారి మోకాళ్లను దృష్టిలో ఉంచుకుంటే, స్పీడ్‌బోటులో అరగంటలో చేరే రిసార్టును ఎంచుకోవడం మంచిది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చేయి అందించడానికి మనుషులు ఉంటారు.

ఒక దీవి అంతా ఒకే రిసార్టు కాబట్టి బయట హోటలు అంటూ ఉండదు. భోజనాలు కలిపి తీసుకోకపోతే నీళ్ల సీసా కూడా బిల్లులో చేరుతుంది. స్థానికులుండే మాఫుషి వంటి దీవుల్లో గెస్ట్‌హౌసులు చాలా చవక, కానీ అక్కడ మద్యం నిషేధం, దుస్తుల విషయంలో మర్యాద పాటించాలి, శుక్రవారం దుకాణాలు, పడవలు సరిగా ఉండవు. నిదానంగా కూర్చుని మాట్లాడే మనుషుల మధ్య ఉండాలనుకునేవారికి ఆ దీవులే నచ్చుతాయని నా అభిప్రాయం.

అనంతసీమ (అనంతపురం)

ఇద్దరికీ ధన్యవాదాలు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. నీటి మీద కట్టిన గదుల్లో ఉండాలని పిల్లలు పట్టుబడుతున్నారు, చిన్నవాడికి ఆరేళ్లు. అమ్మ పూర్తి శాకాహారి, దేవుడి పటం ముందు దీపం పెట్టనిదే కాఫీ కూడా ముట్టదు.

గండికోట (కడప)

పిల్లలతో నీటి మీది గది వద్దు. చాలా గదుల వసారాకు కటకటాలు ఉండవు, మెట్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. కొన్ని రిసార్టులు చిన్న పిల్లలున్న కుటుంబాలకు ఆ గదులు ఇవ్వనే ఇవ్వవు. ఇసుక మీద ఉన్న గది తీసుకుంటే అమ్మగారికి మెట్ల బాధ కూడా తప్పుతుంది. శాకాహారం ముందుగా చెబితే వండి పెడతారు. కూరగాయలు చాలావరకు ఓడల్లో, విమానాల్లో రావలసిందే కాబట్టి రకాలు తక్కువగా ఉండవచ్చు. పూజా విగ్రహాలను మాల్దీవుల్లోకి తీసుకురావడాన్ని అక్కడి కస్టమ్స్ నిషేధించింది. ఈ ఒక్క కారణంతో అమ్మగారి మనసు కలత చెందుతుందనుకుంటే అండమాన్ వైపే మొగ్గు చూపండి.

పాలకొండలు (కడప)

మా ఇంట్లోవాళ్లూ అండమాన్‌కే వెళ్లి వచ్చారు. ఎండ గురించి ఒక మాట చెప్పాలి. రాయలసీమ ఎండలో పెరిగినవాళ్లం, మనకేమవుతుందని అనుకుంటాము. సముద్రపు గాలి చల్లగా తగులుతుంటే ఒళ్లు మాడుతున్నట్టే తెలియదు. నీళ్ల మీద, తెల్లటి ఇసుక మీద పడి తిరిగి వచ్చే వెలుగు గొడుగు కిందికి కూడా చేరుతుంది. మా తమ్ముడు హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి అడుగును చూడడం) చేస్తూ బోర్లా తేలుతూ ఉండిపోయాడు, రాత్రికి వీపు మీద చొక్కా వేసుకోలేకపోయాడు. పొడుగు చేతుల ఈత చొక్కాలు పిల్లలకు తప్పనిసరిగా కొనండి.

నాన్నగారికి ఈత వస్తే కూడా లైఫ్‌జాకెట్ వేయించండి. మన వైపు పెద్దవాళ్లు నేర్చినది బావుల్లో ఈత. బావి నీరు ఎటూ లాగదు, సముద్రంలో పైకి నిశ్చలంగా కనిపించే నీరు కింద పక్కకు లాగుతుంది. అండమాన్ ఉప్పునీటి మొసళ్లు తిరిగే ప్రాంతం కూడా. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, లైఫ్‌గార్డు వద్దన్నచోట మోకాళ్ల లోతుకు కూడా దిగవద్దు.

పగడాల మీద నిలబడవద్దని పిల్లలకు ముందే నేర్పండి. అవి రాళ్లు కావు, ప్రాణమున్న జీవులు. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు విస్తారంగా తెల్లబడ్డాయి, మిగిలినవాటిని మన కాళ్లతో విరగ్గొట్టడం అన్యాయం. చచ్చిన పగడపు ముక్కనైనా, గవ్వనైనా సంచిలో వేసుకోనీయకండి. పగడాలకు, కొన్ని రకాల గవ్వలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు.

బురుజువీధి (కర్నూలు)

లక్షద్వీప్ పేరు ఎవరూ ఎత్తలేదు. మడుగుల్లో నీరు ఎంతో అందంగా ఉంటుంది కానీ, అక్కడికి వెళ్లాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, విమానంలో వెళ్లాలంటే అగత్తి దీవిలో దిగాలి, బసలు కూడా పరిమితం. పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్లేవారికి నేను సూచించను.

అనంతసీమ (అనంతపురం)

ఇంట్లో అందరితో మాట్లాడాను. అమ్మ దీపం మాట వినగానే నాన్న అండమాన్ అని తేల్చేశారు. పోర్ట్‌బ్లెయిర్‌లో మొదటి రాత్రి, మిగిలిన రాత్రులన్నీ హావ్‌లాక్‌లో ఒకే రిసార్టులో అనుకుంటున్నాము. చివరి రోజు హావ్‌లాక్ నుంచి పొద్దున్నే పడవలో వచ్చి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చా?

హంద్రీతీరం (కర్నూలు)

అలా పెట్టుకోవద్దండీ. ప్రైవేటు పడవలు గంటన్నరలో, ప్రభుత్వ పడవలు రెండున్నర గంటల్లో చేరుస్తాయి కానీ, గాలి ఎక్కువైతే పడవలు ఆలస్యం కావచ్చు, రద్దు కూడా కావచ్చు. మొదటి రాత్రికి బదులు చివరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండండి. చెన్నై నుంచైనా, బెంగళూరు నుంచైనా పొద్దున్నే దిగే విమానం తీసుకుంటే, అదే రోజు మధ్యాహ్నం పడవలో హావ్‌లాక్ చేరవచ్చు. మీకు బెంగళూరే దగ్గర, దేవనహళ్లి విమానాశ్రయం మన 44వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉంది కాబట్టి నగరంలోకి వెళ్లే పని లేదు. చివరి సాయంత్రం సెల్యులార్ జైలులో ధ్వని, కాంతి ప్రదర్శన కుర్చీల్లో కూర్చుని చూసేదే, అమ్మగారికి శ్రమ ఉండదు. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువారు చాలామంది ఉన్నారు, మా కారు డ్రైవరు శ్రీకాకుళం నుంచి స్థిరపడిన కుటుంబానికి చెందినవాడు, మా అత్తగారితో దారంతా తెలుగులోనే మాట్లాడాడు.

పడవలో వాంతులయ్యే స్వభావం ఎవరికైనా ఉంటే డాక్టరును అడిగి, ఎక్కడానికి ముందే మాత్ర వేయించండి. సీట్లు కింది అంతస్తులో, మధ్యలో లేదా వెనుక వైపు అడగండి, అక్కడ కుదుపు తక్కువ. ఫిబ్రవరిలో రద్దీ ఉంటుంది కాబట్టి రిసార్టుతో పాటే పడవ టికెట్లు కూడా ఇప్పుడే తీసుకోండి, అందరి గుర్తింపు కార్డులూ అసలువి వెంట ఉంచుకోండి.