ఉండుండి సెల్ఫ్ తిరగని పాత డీజిల్ పికప్: లోపం ఎక్కడుందో పట్టేదెలా?

ప్రశ్న – కవిటి నుంచి

అందరికీ నమస్కారం. బండి పాత డీజిల్ పికప్, 12 వోల్టులది, మెకానికల్ డీజిల్ పంపు. ఉద్దానం నుంచి కొబ్బరికాయల లోడుతో బరంపురం వెళ్లి వస్తుంటుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. బరంపురంలో లోడు దించి పావుగంట తర్వాత తాళం తిప్పితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. పదేపదే తిప్పితే ఎప్పుడో అందుకుంటుంది, లేదంటే నలుగురు తోయాల్సిందే. ఆ టైములో డ్యాష్‌బోర్డు లైట్లు బాగానే వెలుగుతుంటాయి. బ్యాటరీ కొత్తదే. ఒక మెకానిక్ సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పే స్టార్టర్ మోటారు) మార్చమంటున్నారు, ఇంకొకరు వైరింగ్ మొత్తం మార్చమంటున్నారు. డబ్బు పెట్టకముందే ఏది పోయిందో తేల్చుకునే దారి చెప్పండి.

జవాబు – పర్లాకిమిడి నుంచి

ఏదీ కొనకండి తమ్ముడూ. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. మొండికేసినప్పుడు హెడ్‌లైట్లు వేసి ఉంచి తాళం తిప్పండి. లైట్లు ఒక్కసారిగా పడిపోతే బ్యాటరీ గానీ, దాని టెర్మినళ్లు గానీ, లావు కేబుళ్లు గానీ. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, చప్పుడు కూడా లేకపోతే తాళం నుంచి సోలనాయిడ్‌కి (సెల్ఫ్ మీదుండి దానికి కరెంటు కలిపే స్విచ్) వెళ్లే సన్న వైరు దారిలో కరెంటు ఆగిపోతోంది. లైట్లు బాగానే ఉండి ఒక్క ‘టక్’ మాత్రం వినబడితే ఎక్కువగా సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు గానీ, సెల్ఫ్ కార్బన్లు (మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) గానీ అయి ఉంటాయి. టకటకటక అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం.

మీది రెండోదిలా కనిపిస్తోంది. అయినా ‘కనిపిస్తోంది’ అన్నంత మాత్రాన సామాను మార్చకూడదు. అప్పుడప్పుడూ వచ్చే లోపాన్ని, అది వచ్చిన క్షణంలోనే కొలవాలి. షెడ్డుకి వచ్చేసరికి బండి చల్లబడి బుద్ధిగా స్టార్టవుతుంది, అప్పుడు ఎంత వెతికినా ఏమీ దొరకదు.

ముందు బ్యాటరీ సంగతి తేల్చండి. కొత్తదైనా సరే, రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. అంతకన్నా తక్కువైతే డైనమో చూపించుకోవాలి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6 కిందికి దిగకూడదు. ఇవి సరిపోతే బ్యాటరీ గొడవ వదిలేయండి.

జవాబు – బరంపురం నుంచి

అన్నగారు చెప్పినట్టు లోపం వచ్చినప్పుడే పట్టడానికి క్యాబిన్‌లో రెండు బల్బులు పెట్టండి. ఖర్చు వంద రూపాయల లోపే. ఈ రకం జబ్బుకి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు.

12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బులు రెండు, హోల్డర్లతో సహా తీసుకోండి. ఎల్.ఈ.డి. బల్బు వద్దు, దానికి కరెంటు ఏ కాస్త అందినా వెలిగి మోసం చేస్తుంది. మొదటి బల్బు వైరుని తాళం స్విచ్ వెనక, ‘స్టార్ట్’కి వెళ్లే వైరు మీద కలపండి. రెండో బల్బు వైరుని సెల్ఫ్ సోలనాయిడ్ మీద 50 అని నంబరుండే సన్న టెర్మినల్‌కి కలపండి. ఈ రెండో వైరు ఇంజన్ పక్కనుంచి వస్తుంది కాబట్టి సెల్ఫ్ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి, సైలెన్సర్ పైపుకి దూరంగా కట్టండి. రెండు బల్బుల రెండో కొసల్నీ క్యాబిన్‌లో మంచి ఎర్త్‌కి (బ్యాటరీ మైనస్‌తో కలిసి ఉండే బండి ఇనుము) బిగించండి. బల్బుల మీద స్కెచ్ పెన్‌తో ‘తాళం’, ‘సెల్ఫ్’ అని రాసుకోండి, తొందరలో తికమక పడకుండా.

ఇక మామూలుగా తోలుకోండి. బండి మొండికేసిన రోజున తాళం స్టార్ట్‌లో పట్టుకుని బల్బులు చూడండి. రెండూ తెల్లగా వెలిగినా సెల్ఫ్ కదలకపోతే లోపం సెల్ఫ్‌లోనో ఇంజన్ ఎర్త్‌లోనో ఉంది. ‘తాళం’ తెల్లగా, ‘సెల్ఫ్’ ఎర్రగా ఉంటే మధ్య వైరు, దాని కనెక్టర్. రెండూ ఎర్రగా మినుకుమంటే లేదా అసలు వెలగకపోతే తాళం స్విచ్ గానీ, దానికి కరెంటు తెచ్చే వైరు గానీ.

జవాబు – రాయగడ నుంచి

బల్బుల పద్ధతికి నాదీ ఓటు. దానితో పాటు ఎర్త్ సంగతి చెప్పాలి, మన పక్క దీన్ని అందరూ వదిలేస్తారు. కవిటి, సోంపేట, బారువ, ఇచ్ఛాపురం అంటే సముద్రపు గాలి తగిలే చోటు. ఆ ఉప్పు తేమకి రాగి పచ్చగా చిలుము పడుతుంది. పైన కనబడే చిలుము గోకేస్తే పోతుంది. ప్రమాదమంతా థింబుల్ (కేబుల్ కొసకు నొక్కి బిగించే లోహపు ముక్క) లోపల, కేబుల్ తొడుగు కింద పట్టినదానితోనే. పైకి తొడుగు నిగనిగలాడుతూ ఉంటుంది, థింబుల్ దగ్గర కాస్త కోసి చూస్తే రాగి పోగులు నల్లబడి, వేలితో నలిపితే పొడిపొడిగా రాలుతుంటాయి.

అలాంటి కేబుల్‌ని మీటరుతో (మల్టీమీటరు) ఊరికే చూస్తే 12 వోల్టులూ చూపిస్తుంది. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా కాబట్టి, ఒక్క పోగు మిగిలినా చాలు దానికి. సెల్ఫ్‌కి కావాల్సింది 150 నుంచి 250 ఆంపియర్లు. నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతులు మూడు అడ్డుపడితే చాలు, 200 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు అక్కడే పోతుంది. అందుకే కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి.

బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, టైర్ల కింద రాళ్లు వేయండి. పంపు మీది స్టాప్ సోలనాయిడ్ (కరెంటు ఉంటేనే డీజిల్ వదిలేది) వైరు పీకి కొసకు టేపు చుట్టండి, అప్పుడు సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు కొలవాలి. ఒక్కో విడత పది సెకన్లు మించొద్దు, మధ్యలో నిమిషం ఆగండి, లేకపోతే సెల్ఫ్ కాలిపోతుంది.

ఎర్త్ వైపు: ఒక పిన్ను బ్యాటరీ మైనస్ సీసం స్తంభం మీదే పెట్టండి, క్లాంపు మీద కాదు. రెండో పిన్ను సెల్ఫ్ ఒంటి మీద, రంగు లేని చోట. సెల్ఫ్ తిరిగేటప్పుడు 0.3 వోల్టు దాటకూడదు. ప్లస్ వైపు: బ్యాటరీ ప్లస్ స్తంభం నుంచి సెల్ఫ్ లావు స్టడ్ (కేబుల్ బిగించే బోల్టు) దాకా 0.5 దాటకూడదు. దాటితే పిన్ను ఒక్కో బిగింపు దగ్గరికి జరుపుకుంటూ రండి. ఏ ఒక్క బిగింపు దగ్గరా 0.1 కన్నా ఎక్కువ పోకూడదు. ఎక్కువ పోయే చోటే మీ లోపం.

ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటుంటుంది. క్లచ్ పనికో గేర్‌బాక్స్ పనికో విప్పి, తిరిగి బిగించడం మరిచిపోయిన బళ్లు ఎన్నో. బిగించినా కింద రంగు గీకరు. బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాచరు వేసి బిగించి, ఆ పైన వ్యాసలిన్ పూయాలి. వ్యాసలిన్ ముందే పూసి బిగించొద్దు.

ప్రశ్న – కవిటి నుంచి

చాలా థాంక్స్ అన్నా. బల్బులు పెట్టాను, ఇవాళ బరంపురంలో దొరికింది. రెండు బల్బులూ ఎర్రగానే వెలిగాయి, ‘టక్’ కూడా లేదు. వెంటనే మీటరు పెడితే: బ్యాటరీ మీద 12.4, తాళం స్విచ్‌లోకి వచ్చే లావు వైరు మీద 12.1, ‘స్టార్ట్’ వైరు మీద 7.2, సెల్ఫ్ 50 టెర్మినల్ మీద 6.8. ఇంటికొచ్చాక ఎర్త్ వైపు కూడా కొలిచాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు 0.7 పోతోంది. ఇప్పుడు ఏది మార్చాలి?

జవాబు – పర్లాకిమిడి నుంచి

భేషుగ్గా కొలిచారు. ఇక ఊహలతో పని లేదు. స్విచ్‌లోకి 12.1 వచ్చి 7.2 బయటికి పోతోంది, అంటే దాదాపు 5 వోల్టులు స్విచ్ లోపలే కాలిపోతున్నాయి. ఇది తాళం స్విచ్ కాంటాక్టు. తాళం చెవి తిరిగే గొట్టం బాగానే ఉంటుంది. దాని వెనకుండే ఎలక్ట్రికల్ ముక్క ఒక్కటే అరిగింది, చాలా బళ్లలో అది విడిగా దొరుకుతుంది. కనెక్టర్ పీకి చూడండి, స్టార్ట్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడి ఉంటుంది. మాడితే ఆ కనెక్టర్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త స్విచ్ కూడా అదే దారి పడుతుంది.

ఎందుకు ఇలా అవుతుందో కూడా తెలుసుకోండి. సోలనాయిడ్‌లో రెండు చుట్లుంటాయి, లాగేది ఒకటి, పట్టి ఉంచేది ఒకటి. లాగే క్షణంలో రెండూ కలిసి 30, 40 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. పళ్లచక్రం ముందుకెళ్లి రాగి పలక తగలగానే లాగే చుట్టు తప్పుకుంటుంది, పది ఆంపియర్ల చుట్టుపక్కలే మిగులుతుంది. పాత బళ్లలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేకుండా ఆ మొదటి దెబ్బంతా తాళం స్విచ్చే మోస్తుంది. ఏళ్ల తరబడి మోస్తే కాంటాక్టు మాడుతుంది. బండి వేడిగా ఉన్నప్పుడు సోలనాయిడ్ రాగి చుట్టు నిరోధం కూడా పెరుగుతుంది, అందువల్ల లాగడానికి ఎక్కువ వోల్టు కావాలి. పొద్దున్న చాలిన వోల్టు మధ్యాహ్నం చాలదు. మీ బండి వేడి మీదే మొండికేయడానికి కారణం ఇదే.

ఎర్త్ వైపు 0.7 మాత్రం వేరే లోపం. దానివల్ల బండి ఆగిపోలేదు గానీ సెల్ఫ్ బరువుగా తిరుగుతూ ఉంటుంది. పట్టీ శుభ్రం చేసి మళ్లీ కొలవండి. 0.3 లోపలికి రాకపోతే పట్టీ మార్చేయండి.

ప్రశ్న – గుణుపూర్ నుంచి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా బండి సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు, అదీ అప్పుడప్పుడే. ఇవే పరీక్షలా?

జవాబు – బరంపురం నుంచి

కాదండీ, మీది వేరే దారి. తాళం ఆన్ చేయగానే పంపు మీది స్టాప్ సోలనాయిడ్ ‘టిక్’ అనాలి. అనకపోతే దాని వైరు మీద ఒక బల్బు పెట్టండి. బల్బు వెలిగినా టిక్ లేకపోతే సోలనాయిడ్ పోయింది, బల్బు వెలగకపోతే ఫ్యూజ్, వైరు. తాళం స్టార్ట్‌లోకి తిప్పినప్పుడు కూడా ఆ బల్బు ఆరకూడదు. ఆన్‌లో వెలిగి స్టార్ట్‌లో ఆరితే మళ్లీ తాళం స్విచ్చే. పొద్దున్న చలికి మాత్రమే అయితే హీటర్ ప్లగ్గులు చూపించండి. కరెంటు అంతా బాగుంటే డీజిల్ దారిలో గాలి పట్టిందేమో చూడాలి, దానికి విడిగా ఒక చర్చ పెట్టండి.

జవాబు – రాయగడ నుంచి

కవిటి తమ్ముడికి: స్విచ్ మార్చాక అక్కడితో ఆపకుండా రిలే కూడా పెట్టించండి. లేకపోతే కొత్త స్విచ్ కూడా కొన్నాళ్లకి మాడుతుంది. షాపులో ‘70 ఆంపియర్ల స్టార్టర్ రిలే’ అని అడగండి. హారన్ రిలే వద్దు, దాని కాంటాక్టు అతుక్కుపోతే తాళం తీసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది.

ముందు బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పండి, అన్నీ అయ్యాక చివర్న అదే బిగించండి. రిలే 30 పిన్నుకి బ్యాటరీ ప్లస్ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరం లోపలే 30 ఆంపియర్ల ఫ్యూజ్. 87 పిన్ను నుంచి అదే లావు వైరు సెల్ఫ్ 50 టెర్మినల్‌కి. తాళం నుంచి వచ్చే పాత స్టార్ట్ వైరుని సెల్ఫ్ దగ్గర విప్పేసి 86 పిన్నుకి తీసుకోండి, 85 మంచి ఎర్త్‌కి. ఇక తాళం స్విచ్ మోసేది రిలే చుట్టు కరెంటే, అది ఆంపియర్‌లో ఐదో వంతు లోపే.

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టొద్దు. థింబుల్ వేసి, గట్టిగా నొక్కించి, మీద హీట్ ష్రింక్ గొట్టం వేయించండి, ఉప్పు గాలికి టేపు జిగురు నిలవదు. రిలేని పిన్నులు కిందికి ఉండేలా, బ్యాటరీ ఆవిరి తగలని చోట బిగించండి. పిన్నులు పైకుంటే వాన నీరు లోపలే నిలుస్తుంది.

అయ్యాక బండి బరంపురం దాకా తోలి, వేడి మీద ఆపి, పావుగంట ఆగి 50 టెర్మినల్ మీద కొలవండి. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ మీద ఉన్నదానికి ఒక్క వోల్టు కన్నా తక్కువ తేడా రావాలి. ఆ వోల్టు వచ్చి కూడా ‘టక్’ మాత్రమే వినబడితే అప్పుడు సెల్ఫ్ విప్పండి. ‘టక్’ అన్న క్షణంలో సోలనాయిడ్ రెండు లావు స్టడ్‌ల మధ్య 12 వోల్టులు చూపిస్తే రాగి కాంటాక్టులు మాడాయి. సున్నాకి దగ్గరగా చూపించినా మోటారు తిరగకపోతే కార్బన్లు. సుత్తితో సెల్ఫ్‌ని కొట్టే అలవాటు మాత్రం వద్దు, మాగ్నెట్ రకం సెల్ఫ్ అయితే లోపల మాగ్నెట్ పగిలి అసలుకే మోసం వస్తుంది.

క్యాబిన్‌లో బల్బులు ఒక నెల అలాగే ఉంచండి. మళ్లీ ఏమైనా వస్తే ఏ బల్బు ఎలా వెలిగిందో ఇక్కడ రాయండి.