ఓపెన్ వరల్డ్ క్రైమ్ గేమ్‌లో పోలీసులు ఎక్కణ్నుంచి రావాలి?

మేం ముగ్గురం కలిసి యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో విశాఖ నేపథ్యంగా ఓ ఓపెన్ వరల్డ్ (నగరమంతా ఇష్టమొచ్చినట్టు తిరగగలిగే) క్రైమ్ గేమ్ చేస్తున్నాం. నగరం, ట్రాఫిక్, డ్రైవింగ్ బాగానే కుదిరాయి. పోలీసు ఛేజే కుదరడం లేదు. ఇలాంటి గేమ్‌కి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం: తప్పించుకుంటే అది తమ తెలివేనని ఆడేవాళ్లకి అనిపించాలి.

ఇప్పుడున్న సెట్టింగ్ ఇదీ. కెమెరాకి కనబడకుండా, 120 మీటర్ల అవతల పోలీసు కారు పుడుతుంది, అంటే గేమ్ దాన్ని అప్పటికప్పుడు అక్కడ ప్రత్యక్షం చేస్తుంది. మనం చూపు తప్పించాక 40 సెకన్లు వెతికి వదిలేస్తుంది. కురుపాం మార్కెట్ సందుల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. చిక్కంతా బీచ్ రోడ్డు మీదే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క చినవాల్తేరు వైపు ఎక్కే రోడ్లు కొన్నే. ఏ మలుపు తిరిగినా కారు ఎదురొస్తోంది. ఆడి చూసినవాళ్లు "ఇది అన్యాయం" అంటున్నారు.

దూరం 250 మీటర్లకి పెంచితే ఛేజ్ చప్పబడిపోయింది. స్టేషన్ల నుంచే పంపితే, వాళ్లొచ్చేసరికి ఆటగాడు రుషికొండ దాటేస్తున్నాడు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనే క్రైమ్ గేమ్ సిరీస్‌లోని జీటీఏ 4 (2008)లోలా మ్యాప్ మీద వెతుకులాట వలయం పెట్టాం. సగం సముద్రంలోనే పడుతోంది. జీటీఏ 5 (2013)లోలా పోలీసుల చూపు ఎటుందో మ్యాప్‌లో చూపించాం. కాస్త నయం, కానీ ఎదురుగా పుట్టే కారుకి అది మందు కాదు.

ఇలా ఒకవైపే దారులున్న రోడ్డు మీద, ఛేజ్ వేడి తగ్గకుండా, పోలీసు కార్లు ఎక్కడ పుట్టాలో ఏ లెక్కన నిర్ణయించాలి?