రెండు గేదెల లెక్కలో అమ్మ కష్టం ఎంత వేయాలి?

ప్రశ్న (తెనాలి దగ్గర పల్లె నుంచి):
మాకు రెండు ముర్రా గేదెలున్నాయి. ఒకటి పాలిస్తోంది, రెండోది ఒట్టిపోయి చూడితో ఉంది. రోజుకు ఎనిమిది లీటర్లలో ఇంటికి ఒకటి ఉంచుకుని ఏడు పాల కేంద్రానికి పోస్తాం. పది శాతం వెన్న ఉన్న లీటరు పాలకు 80 రూపాయల లెక్కన ఇస్తున్నారు, మా పాలకు ఆరున్నర శాతమే వస్తోంది కాబట్టి లీటరు 52, రోజుకు 364. ఖర్చులు చూస్తే, తవుడు, పత్తి చెక్క, మొక్కజొన్న నూక కలిపిన దాణా కిలో 30 పడుతోంది, పాలిచ్చేదానికి ఐదు కిలోలు, చూడిదానికి రెండు, అంటే 210. ఎండుగడ్డి, పచ్చిగడ్డికి 80. మందులకీ మినరల్ మిక్చర్‌కీ 20. మిగిలేది 54. అన్నయ్య ఇది చూపించి లాభమే కదా అంటాడు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అమ్మ తెల్లారకముందే లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పిండుతుంది, మధ్యాహ్నం గట్టు మీద గడ్డి కోసుకొస్తుంది, సాయంత్రం మళ్లీ అదే పని. వేరే చెయ్యి పడితే గేదె చేపదు, అంటే పాలు వదలదు, అందుకే మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లి కూడా భోజనం చేయకుండానే తిరిగొచ్చేసింది. ఈ కష్టాన్ని లెక్కలో ఎంత వేయాలి?

జవాబు 1 (వ్యవసాయ అర్థశాస్త్రం చదివాను):
పంటలకు ఖర్చు లెక్కగట్టే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. చేతి నుంచి పెట్టిన ఖర్చును ఏ2 అంటారు, దానికి ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్, ఆ పైన సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా వేస్తే సీ2. మీ అన్నయ్యది ఏ2 లెక్క, అంతే. కనీస మద్దతు ధరకు కేంద్ర ప్రభుత్వం తీసుకునేది ఏ2 ప్లస్ ఎఫ్ఎల్, దానికి ఒకటిన్నర రెట్లు. రైతు సంఘాలు అడిగేది సీ2 మీద. మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో పాలు లేవు, కాబట్టి మన శ్రమ లెక్క మనమే వేసుకోవాలి. కనీసం ఉపాధి హామీ కూలీ అయినా వేయండి, 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 307. అప్పుడు మొత్తం ఖర్చు 617, ఎనిమిది లీటర్లకు పంచితే లీటరు 77 పడుతోంది. మీరు అమ్మేది 52కి.

జవాబు 2 (పల్నాడు రైతు):
లెక్క బాగానే ఉంది గానీ రాబడి వైపు కొన్ని వదిలేశారు. ఇంట్లో తాగే లీటరు కూడా కొనాలంటే డబ్బే కదా, పేడ సొంత పొలానికి పోతే ఆ మేరకు ఎరువు తగ్గుతుంది, పెయ్యదూడ పుడితే అదో ఆస్తి. అలాగని లాభం ఉందని నేను అనను. అసలు దెబ్బ ఒట్టి రోజుల దగ్గర తగులుతుంది. ఎండాకాలంలో గేదెకు మూగ ఎద, అంటే ఎదకు వచ్చినా అరవదు, మనకు తెలియదు, ఒక ఎద తప్పిందంటే మూడు వారాల మేత ఊరికే పోతుంది, చూడి కట్టాక పది నెలలు మోయాలి. ఇంకొకటి, కోత మిషన్లు వచ్చాక గడ్డి సగం పొలంలోనే నలిగిపోతోంది, కట్టలు కట్టించడానికీ ఇంటికి తోలడానికీ మళ్లీ ఖర్చు. మా నాన్న హయాంలో గడ్డివాముకు ఎవరూ ధర కట్టలేదు, ఇప్పుడు నాకు దాణా తర్వాత పెద్ద ఖర్చు అదే. మీరు వేసిన 80 ఎండాకాలానికి చాలదు, చూసుకోండి.

జవాబు 3 (నల్గొండ, మూడు బర్రెలు):
అమ్మ కూలీ రాయండి, తప్పకుండా రాయండి. కానీ ఒకటి అడుగుతా, పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతోంది? మా ఇంట్లో పని నాది, బిల్లు మా ఆయన ఖాతాకు పోయేది, దాణా బస్తాకు కూడా నేనే అడుక్కోవాల్సి వచ్చేది. పాల కేంద్రంలో చెప్పి నా పేరుకు మార్పించుకున్నా. పాలు పిండీ పిండీ వేళ్లు పొద్దున్నే ముడుచుకోవు, ఆ నొప్పికి ఏ లెక్కలోనూ గడి లేదు. పెళ్లిళ్ల సంగతంటారా, ఇంట్లో ఇంకొకరు రోజూ అమ్మ పక్కనే కూర్చుని చివరి రెండు చన్నులు పిండితే నెల తిరిగేలోపు బర్రె ఆ చేతికి అలవాటు పడుతుంది. మీ అన్నయ్యనే కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
బిల్లు అన్నయ్య ఖాతాలోనే పడుతోందండీ, ఇన్నాళ్లూ ఆ సంగతి ఆలోచించలేదు. అమ్మకు బ్యాంకు ఖాతా ఉంది, ఈ పక్షం బిల్లు అయ్యాక మార్పించమని అడుగుతాను. 307 వేసిన కాగితం రాత్రి అన్నయ్యకు చూపించాను, అయితే రెండూ అమ్మేద్దాం అన్నాడు, అమ్మ వెంటనే చూడిది మాత్రం ఈనేదాకా ఇల్లు కదలదని చెప్పేసింది. పల్నాడు అన్నా, ఎండాకాలానికి పచ్చిగడ్డి కింద పది సెంట్లలో సూపర్ నేపియర్ వేస్తే రెండింటికీ సరిపోతుందా?