‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ – ఇక్కడ ‘పరచు’కి అర్థం ఏమిటి?

అందరికీ వందనాలు. మాది గుంటూరు, బ్రాడీపేట. మొన్న సండే స్కూల్లో, యేసు నేర్పిన పరలోక ప్రార్థనలోని ఈ మాట నేర్పిస్తుంటే ఐదో తరగతి పాప ఒకతి లేచి, "అక్కా, దేవుడి పేరు ముందే పరిశుద్ధం కదా, మళ్ళీ పరిశుద్ధపరచడం ఎందుకు?" అంది. నాకు టెన్షన్ వచ్చేసింది. శుభ్రపరచడం అంటే మురికైనదాన్నే కదా! వచ్చే వారం చెప్తానన్నాను. దయచేసి ఎవరైనా చెప్పండి.

జవాబు (విజయవాడ): చెల్లీ, ఆ పాప సరిగ్గా అడగాల్సిన చోటే అడిగింది. గాయపరచు, సిద్ధపరచు, స్పష్టపరచు అన్నప్పుడు ‘పరచు’ అంతకుముందు లేనిదాన్ని తెచ్చిపెడుతుంది. అందుకే ఆ అనుమానం. ఇప్పుడు ఆదికాండము 2:3 తీసి చూడు. దేవుడు ఏడవ దినమును ఆశీర్వదించి పరిశుద్ధపరచెను అని ఉంటుంది. ఆ రోజుకి ఏ మురికీ అంటలేదు. మిగతా ఆరు రోజుల్లోంచి దాన్ని వేరు చేసి తనదిగా ఉంచుకున్నాడు, అంతే. ‘పరిశుద్ధ’కి హీబ్రూలో ఉన్న ‘కాదోష్’ అనే మాటలో ఉన్నది కూడా ఈ వేరుగా ఉండటమే. మన ప్రసంగాల్లో వినిపించే ‘ప్రత్యేకపరచబడిన’ అన్న మాట దీనికి బాగా దగ్గర.

నా చిన్నప్పుడు చర్చిలో బల్ల గిన్నె, అంటే ప్రభువు బల్లలో ద్రాక్షారసం పంచే గిన్నె, తుడిచే పని మా అమ్మది. తెల్లగుడ్డ విప్పి, తుడిచి, మళ్ళీ అదే గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేది. ఒకసారి దాహమేసి దానికోసం చెయ్యి చాపితే "అది బల్లకి నాన్నా" అని పక్కనున్న స్టీలు గ్లాసు ఇచ్చింది. గిన్నె కడిగారా లేదా అన్నది కాదు సంగతి, అది ఎవరిది అన్నదే.

ఇక నామము. యెహెజ్కేలు 36లో, ఇశ్రాయేలీయుల నడత వల్ల అన్యజనుల మధ్య తన పేరుకి అపకీర్తి వచ్చిందని, దాన్ని తానే పరిశుద్ధపరుస్తానని దేవుడంటాడు. అంటే పేరు చెడింది మనుషుల మధ్య. "నాన్న పేరు నిలబెట్టాడు" అని మనం అనట్లేదూ? ఈ ప్రార్థన మొదలయ్యేదీ ‘తండ్రీ’ అన్న పిలుపుతోనే.

ఇంకోటి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. క్రియల చివరలు చూడు. పరిశుద్ధపరచబడు గాక, వచ్చుగాక, నెరవేరును గాక: మూడు ‘గాక’లూ ఆయన కోసం. ఆ తర్వాతే దయచేయుము, క్షమించుము అంటూ మన విన్నపాలు. మూలభాష గ్రీకులోనూ వరస ఇదే.

జవాబు (గుణదల): మేం కథోలికులం అన్నయ్యా. మా పరలోక జపంలో "మీ నామము పూజింపబడును గాక" అంటాం. ‘నీ’ కాదు, ‘మీ’. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మేరీమాత తిరునాళ్ళలో ఇదే మాట అంతమంది నోట ఒక్కసారిగా వినాలి! మా ఇంట్లో నాన్నగారిని ‘మీరు’ అనే పిలుస్తాం, అందుకేనేమో నాకు ‘నీ’ కాస్త కొత్తగా ఉంటుంది.

జవాబు (విజయవాడ): ‘పూజింపబడు’ పిల్లలకి వెంటనే అర్థమవుతుందమ్మా, నిజమే. కానీ యెషయా 6లో సెరాపులనే దూతలు మూడుసార్లు ‘పరిశుద్ధుడు’ అంటారు చూడు, దానితో ఉన్న బంధం ‘పరిశుద్ధపరచబడు’లోనే చెవికి తెలుస్తుంది. ‘నీ’లో నాకు వినిపించేది చనువు. మనవాళ్ళు ప్రార్థన ఎత్తుకోవడమే "పరిశుద్ధుడవైన తండ్రీ" అని కదా? ఆ ‘-వు’ ఉంది చూశారూ, "నువ్వు మంచివాడివి"లో ‘-వి’ లాంటిదే. ఆయన గురించి ఎవరికో చెప్పడం కాదది, ఎదురుగా నిలబడి ఆయనతోనే అనడం.

ప్రశ్న అడిగిన నేనే: థాంక్స్ అన్నా. ఈ ఆదివారం బల్ల గిన్నె బయటికి తీసి పిల్లలకి చూపిస్తానని పాస్టర్ అయ్యగారిని అడిగాను. గుడ్డ విప్పే పని ఆ పాపకే ఇవ్వమన్నారు.