ఏడాది పాటు విదేశంలో: అక్కడి సిమ్ కొనాలా, ఉన్న సిమ్‌నే రోమింగ్‌లో నడపాలా?

కొత్త‌సభ్యుడు

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద వేరే దేశం వెళ్లి దాదాపు ఏడాది ఉండాలి. ఫోన్‌లో ఒక మామూలు సిమ్ స్లాట్ ఉంది, ఈసిమ్ (ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్‌లోకే డౌన్‌లోడ్ అయ్యే సిమ్) కూడా పనిచేస్తుంది. బ్యాంకు ఓటీపీలు, వాట్సాప్ అన్నీ ఇప్పుడున్న నంబరు మీదే. రోమింగ్ ప్యాక్ వేసుకుంటూ ఇదే సిమ్‌తో నెట్టుకురావచ్చా, లేక దిగగానే అక్కడి సిమ్ తీసుకోవాలా? తీసుకుంటే పాత నంబరుకి వచ్చే ఓటీపీల సంగతేంటి?

సిగ్నల్‌గీత

ఏడాదికైతే అక్కడి సిమ్ తీసుకోండి, అందులో రెండో మాట లేదు. వారం పది రోజులకు రోమింగ్ ప్యాక్ సుఖం, అంతకు మించితే కాదు. కానీ పాత సిమ్‌ని తీసి డబ్బాలో పెట్టకండి. రెండూ ఫోన్‌లోనే ఉండాలి. పాతది ఎస్సెమ్మెస్‌లు అందుకోవడానికి మాత్రమే, కొత్తది మిగతా అన్నిటికీ.

రోమింగ్ వద్దనడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. రోమింగ్‌లో మీ డేటా మామూలుగా అక్కడి టవర్ నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి పోదు. ముందు మీ స్వదేశపు ఆపరేటర్ దగ్గరికి పోయి, అక్కడి నుంచి బయటికి వెళుతుంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. దూరం 10,000 కిలోమీటర్లు అనుకుంటే ఒక వైపుకే 50 మిల్లీసెకన్లు. మీరు చూసే సైటు సర్వర్ మీరున్న ఊళ్లోనే ఉన్నా, రిక్వెస్ట్ స్వదేశం వెళ్లి తిరిగి ఇక్కడికి రావాలి, జవాబు కూడా అదే దారిన రావాలి. అంటే నాలుగు సార్లు 50, మొత్తం 200 మిల్లీసెకన్లు ప్రయాణానికే పోతాయి. సిగ్నల్ నిండుగా ఉన్నా పేజీలు నత్తనడక నడిచేది, వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడేది ఇందుకే. ఎంత పెద్ద ప్యాక్ వేసినా ఇది తగ్గదు.

రెండోది, రోమింగ్ అనేది ప్రయాణికుల కోసం పెట్టిన సౌకర్యం. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య 2017 జూన్ 15 నుంచి అదనపు రోమింగ్ ఛార్జీ లేదు కదా, అక్కడ కూడా నాలుగు నెలల లెక్కలో స్వదేశంలో కంటే బయటే ఎక్కువ ఉండి, బయటే ఎక్కువ వాడితే ఆపరేటర్ హెచ్చరిక పంపవచ్చు. 14 రోజుల్లోగా వాడకం మారకపోయినా, సరైన వివరణ ఇవ్వకపోయినా అదనపు ఛార్జీ వేయవచ్చు. మీ ప్లాన్ షరతుల్లో ఇలాంటిదేమైనా ఉందేమో చదవండి.

రెండు‌సిమ్‌లు

పైన చెప్పిందంతా సరైనదే. బయలుదేరే ముందు చేయాల్సినవి నేను చెబుతాను, ఎందుకంటే వీటిలో కొన్ని దేశం దాటాక చేయడం చాలా కష్టం.

ముందు ఫోన్ అన్‌లాక్ అయి ఉందో, అంటే ఒకే ఆపరేటర్ సిమ్‌కి కట్టుబడి లేదో చూడండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళితే క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. దాని పక్కన ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే ఏ సిమ్ అయినా నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో వేరే ఆపరేటర్ సిమ్ ఒకటి వేసి చూడటమే నమ్మకమైన పరీక్ష.

అంతర్జాతీయ రోమింగ్‌ని ఇంట్లో ఉండగానే ఆన్ చేయించండి. చాలామంది దిగాక చేద్దాంలే అనుకుంటారు. అది ఆన్ చేయడానికి అడిగే ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది, ఆ సిమ్‌కి అప్పటికి నెట్‌వర్క్ ఉండదు!

తర్వాత ##002# డయల్ చేసి కాల్ ఫార్వార్డింగ్‌లన్నీ తీసేయండి. వాయిస్‌మెయిల్ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. మీరు ఎత్తని కాల్ ముందు మీరున్న దేశానికి వస్తుంది, తర్వాత వాయిస్‌మెయిల్ కోసం మళ్లీ స్వదేశానికి మళ్లుతుంది. రావడానికి రోమింగ్ ఇన్‌కమింగ్, పోవడానికి అంతర్జాతీయ అవుట్‌గోయింగ్, ఇలా రెండు ఛార్జీలు పడవచ్చు, ఫోన్ ముట్టుకోకుండానే.

ఇక ఏ నంబరు ఈసిమ్‌లో ఉండాలి? పాత నంబరు ప్లాస్టిక్ సిమ్‌లోనే ఉంచి, అక్కడిది ఈసిమ్‌గా తీసుకోండి. ఫోన్ కింద పడి తెర పగిలిందనుకోండి, ప్లాస్టిక్ సిమ్ నిమిషంలో ఇంకో ఫోన్‌లోకి మారుతుంది. ఈసిమ్ అయితే మళ్లీ జారీ చేయించుకోవాలి. ఆపరేటర్ దుకాణం మీరున్న దేశంలోనే ఉంటే అది పెద్ద పని కాదు, వేరే దేశంలో ఉంటే పెద్ద చిక్కు. సిమ్ పిన్ పెట్టుకున్నవాళ్లు పీయూకే నంబరు (పిన్ లాక్ అయితే సిమ్‌ని తెరిచే కోడ్) కాగితం మీద రాసుకోండి. పిన్ మూడు సార్లు తప్పితే పీయూకే అడుగుతుంది, అదీ పది సార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

డేటా‌ఆఫ్

దిగాక ఫోన్‌లో మార్చాల్సిన సెట్టింగ్‌లు చూద్దాం. ఊహించని బిల్లులు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి.

మొబైల్ డేటాకి కొత్త సిమ్‌ని ఎంచుకోండి. పాత సిమ్‌లో డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. ఇంతటితో ఆగకండి. ఐఫోన్‌లో ‘అలో సెల్యులార్ డేటా స్విచింగ్’ అని ఇంకోటి ఉంది, ఆండ్రాయిడ్‌లో కూడా కొన్ని ఫోన్లలో డేటా తనంతట తాను సిమ్ మారే ఆప్షన్ ఉంటుంది. అదీ ఆఫ్‌లో ఉండాలి. బయటికి చేసే కాల్స్‌కి డిఫాల్ట్‌గా కొత్త సిమ్ పెట్టండి. పాత నంబరుకి వచ్చే కాల్ ఎత్తితే డబ్బు పడుతుంది. ఎస్సెమ్మెస్ అందుకోవడం మాత్రం చాలా ప్లాన్లలో ఉచితమే.

ఐఫోన్‌లో ఐమెసేజ్ (యాపిల్ సొంత మెసేజ్ సేవ) యాక్టివేట్ అయ్యేటప్పుడు మీకు తెలియకుండా ఒక ఎస్సెమ్మెస్ పోతుంది. కొత్త సిమ్ వేశాక పాత నంబరు నుంచి ఒక అంతర్జాతీయ మెసేజ్ ఛార్జీ కనిపిస్తే కారణం అదే కావచ్చు.

విమానాశ్రయం నుంచి బయటపడటానికి ట్రావెల్ ఈసిమ్ (ప్రయాణికుల కోసం అమ్మే ఈసిమ్) తీసుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. వాటిలో చాలావాటికి ఫోన్ నంబరు ఉండదు, డేటా మాత్రమే. పైగా అవి స్వయంగా వేరే దేశపు ఆపరేటర్‌వి, రోమింగ్ మీదే నడుస్తాయి. కాబట్టి ఆ ఈసిమ్ వరకు డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి. ‘సిగ్నల్ ఉంది, నెట్ రావట్లేదు’ అంటే ముందు చూడాల్సింది ఇదే, తర్వాత ఏపీఎన్ (ఫోన్‌ని ఆపరేటర్ డేటాకి కలిపే సెట్టింగ్).

వాట్సాప్ నంబరు మార్చాల్సిన పని లేదు. పాత నంబరుతోనే కొత్త సిమ్ డేటా మీద నడుస్తుంది.

కొత్త‌సభ్యుడు

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్పినందుకు. ఒక్క సందేహం. పాత సిమ్‌కి సిగ్నల్ గీతలు కనిపిస్తున్నా ఓటీపీ రాదని కొందరు అంటుంటారు. ఎందుకలా?

సిగ్నల్‌గీత

మూడు నాలుగు కారణాలు ఉంటాయి. అన్నిటికంటే మామూలుది, రీఛార్జ్ గడువు అయిపోవడం. పాత సిమ్‌కి చిన్న ప్లాన్ అయినా సరే, గడువు తేదీని క్యాలెండర్‌లో వారం ముందుకి పెట్టుకోండి. రెండోది, సిమ్ తగులుకున్న నెట్‌వర్క్‌తో మీ ఆపరేటర్‌కి ఒప్పందం సరిగా లేకపోవడం. ఏరోప్లేన్ మోడ్ ఒక నిమిషం వేసి తీయండి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ సెలెక్షన్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, జాబితాలో ఇంకో ఆపరేటర్‌ని ఎంచుకోండి. ఈ ఒక్క మార్పుతోనే ఆగిపోయిన మెసేజ్‌లన్నీ గంపగుత్తగా వచ్చి పడటం మామూలే. 2జీ, 3జీ మూసేసిన దేశాల్లో పాత సిమ్‌కి 4జీ రోమింగ్ కూడా ఉండి తీరాలి.

అయితే వీలైనన్ని ఖాతాలకి ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, అదీ బయలుదేరే ముందే. అది ప్రతి 30 సెకన్లకు మార్చే ఆరంకెల కోడ్‌ని ఫోన్ గడియారం, లోపల దాచిన రహస్య కీ కలిపి లెక్కిస్తుంది. సిగ్నల్ అక్కర్లేదు. ఫోన్ టైమ్ తప్పుగా ఉంటే మాత్రం కోడ్ చెల్లదు, టైమ్‌ని ఆటోమేటిక్‌లో ఉంచండి. ఫోన్ పోతే ఖాతా తెరవడానికి ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద వేరే చోట పెట్టండి.

ఎప్పుడైనా పాత నంబరు వదిలేయాలనుకుంటే, దానికి ముడిపడిన ప్రతి ఖాతాలోనూ ముందు నంబరు మార్చండి. గడువు దాటిన నంబర్లను ఆపరేటర్లు కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇస్తారు. అప్పుడు మీ ఓటీపీలు వాళ్ల ఫోన్‌కి పోతాయి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా ఈ రోజే పెట్టేయండి.